మొరాయించే వాల్వు

1994 చలికాలం. గల్ఫ్‌లో, జింజ్ అనే పేటలో, నర్సింలుకు వీసా ఇచ్చిన యజమాని (కఫీల్) ఇంటి వెనక ఓ పాత అమెరికన్ క్యారవాన్ ఉండేది. పడకలు, పొయ్యి, కక్కసు అన్నీ అందులోనే. గురు, శుక్రవారాల్లో కఫీల్ కుటుంబం దాన్ని ఎడారికి తీసుకెళ్లేది. తిరిగొచ్చాక మురుగు ట్యాంకు ఖాళీ చేసే పని నర్సింలుది. గల్ఫ్ అంతటినీ దుబాయే అనే, సిరిసిల్ల దగ్గరి అతని పల్లెలో మాత్రం దుబాయిలో మెకానిక్ అనే తెలుసు. అది పూర్తిగా అబద్ధమూ కాదు.

ట్యాంకు అడుగున అడ్డంగా జారే చిన్న తలుపే వాల్వు. పిడి పట్టి లాగితే కదిలేది కాదు, కదిలితే సగంలో ఆగేది. ఆగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఒకసారి కఫీల్ అత్తగారి ఎదుటే అయింది. ఇంకోసారి అయితే సెలవు మాట మరచిపొమ్మన్నాడు కఫీల్. నర్సింలు విమానం ఎక్కాక పుట్టిన కూతురికి అప్పుడు మూడేళ్లు. అతను ఇంకా చూడలేదు.

గ్యారేజీ గ్రీజు పూస్తే వాల్వు అంచునుండే రబ్బరు ఉబ్బి వాల్వు మరీ బిగిసింది. నర్సింలుకు ఎడ్లబండి ఇరుసు గుర్తొచ్చింది. భార్య ముత్తవ్వ తలకు రాసుకొమ్మని పంపిన ఆముదంలో, ఊళ్లో కందెనకు కలిపినట్టే గడ్డి మసి కలిపి పూశాడు. రెండు వారాలు బాగానే జారింది. మూడో వారం మసి గరుకుకు రబ్బరు గీసుకుపోయి చుక్కలు కారాయి. ఇరుసు తెలివి అన్నిటికీ పనికొస్తుందనుకోవడం మన జబ్బు.

ఎవరూ చూడకముందే వాల్వు విప్పి, కడిగి, కొత్త రబ్బరు వేసి ఈసారి ఉత్త ఆముదం పూశాడు. వారం వారం సబ్బునీళ్లు పోసి పిడిని ముందుకీ వెనక్కీ ఆడించేవాడు. తర్వాత చేతులు ఎంత కడిగినా తృప్తి ఉండేది కాదు. గదిలో తోడుండే కోనసీమ వంటవాడు వెంకన్న నవ్వేవాడు.

“తోలూడిపోద్దండీ బాబూ. వాసనేం లేదు.”

“నీకు అలవాటైంది. బిడ్డకు గాదు గదా.”

ఆ తర్వాత సీజనంతా చుక్క కారలేదు. సెలవడిగితే కఫీల్ తల అడ్డంగా ఊపాడు.

“నువ్వు పోతే దీన్ని చూసేదెవరు?”

బాగా చేసిన పనికి ఇదీ బహుమానం. నర్సింలు ఆయన్ని క్యారవాన్ వెనక్కి తీసుకెళ్లి, మీరే లాగండి అన్నాడు వచ్చీరాని అరబ్బీలో. కఫీల్ ముక్కు మూసుకుని రెండు వేళ్లతో లాగాడు. వాల్వు జారి వచ్చేసింది. నమ్మకం కలగక తోసి, మళ్లీ లాగాడు.

“ఖలాస్, సరే. రెండు నెలలు. వెళ్లు.”

బయల్దేరే ముందు కూడా నర్సింలు వాల్వుకు ఆముదం పూసే వచ్చాడు.

ఇంట్లో పాప మొదటిరోజు తల్లి కొంగు వదల్లేదు. రెండోరోజు దగ్గరికొచ్చి అతని అరచేయి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. నర్సింలు భయంతో చేయి వెనక్కి తీసుకోబోయాడు.

“అవ్వా, గీయన చేయి ఆముదం వాసనొస్తున్నది. నీ తీర్గనే,” అంది తల్లితో.

మూడేళ్లలో ఎవరి ముందూ ఏడవని మనిషి, ముత్తవ్వ చూస్తుండగానే ఏడ్చేశాడు.