గోడ అవతలికి విసిరిన పిడుదులు

మా అత్తగారి దయాగుణం చాలా గొప్పది. ఆదివారం మేకమాంసం లేనిదే ముద్ద దిగని మనిషి, పిడుదు ప్రాణం మీద మాత్రం ఈగ వాలనిచ్చేది కాదు. కొట్టంలో లక్ష్మి ఉంటుందట. లక్ష్మి ఎదుట నెత్తురు చుక్క పడకూడదట. బర్రె నెత్తురు తాగి ఆముదం గింజంత ఉబ్బిన పిడుదును నలిపితే చిందేది నెత్తురే కదా, అందుకని నలపకూడదు.

ఉప్పుగూడలో మాకు నాలుగు బర్రెలుండేవి. కాపురానికి వెళ్ళిన మూడోనాడే నా చేతికి రేకు డబ్బా ఇచ్చారు. మధ్యాహ్నం పూట బర్రెల చెవుల్లో, తోక కింద, పొదుగు మడతల్లో వేళ్ళు పెట్టి పిడుదులు పీకి డబ్బాలో వేయాలి. తర్వాత వాటిని బతికుండగానే గోడ అవతలికి విసిరెయ్యాలి. పదో తరగతి పాసైన కోడలే కావాలని ఏరికోరి తెచ్చుకున్నది ఈ ఉద్యోగానికని నాకు అప్పుడే తెలిసింది.

గోడ అవతల ఖాళీ జాగా కాదు. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో పనిచేసే భాయ్ ఇల్లు. వాళ్ళ పెరట్లో ఒకే ఒక్క ఆవు, జెర్సీ సంకరం. మా రెండు బర్రెలిచ్చే పాలు అదొక్కటే ఇచ్చేది. ఆ పాలతోనే వాళ్ళ పిల్లల ఫీజులు, పుస్తకాలు గడిచేవి. భాయ్ గొప్పలకూ తక్కువేం లేదు. “మా బేగం సాబ్ ఎండుగడ్డి వాసన సుత చూడదు,” అని ఆ ఆవు గురించి గోడ మీంచి చెప్పేవాడు. “పాలా గవి? నీళ్ళు!” అని మా అత్తగారు మూతి విరిచేది.

మొదటి వారమే అడిగాను. “అత్తమ్మా, గిట్ల ఇసిరేస్తే భాయోళ్ళ ఆవుకు పట్టవా?”

“పడితె పట్టనియ్యి. మనమైతె సంపలేదు గద.”

మా ఆయన అంతకంటే మేధావి. “తాతల సంది మన బర్రెలకు పిడుదులు ఉండనే ఉన్నయి. ఏమైంది?” అన్నాడు. నిజమే, మా బర్రెలకు ఏమీ కాలేదు. నేనూ ఇంకేమీ అడగలేదు. రెండేళ్ళు పీకాను, రెండేళ్ళు విసిరాను.

ఆ ఏడు వానలు పడుతుండగా భాయ్ ఆవు మేత మానేసింది. ఒళ్ళు కాలిపోతోందని, మూత్రం కాఫీ రంగులో వస్తోందని భాయ్ భార్య ఏడుస్తూ చెప్పింది. దిష్టి తీయమని మా అత్తగారు సలహా ఇచ్చింది, ఎండుమిరపకాయలు కూడా తనే ఇచ్చింది. ఆ ఉదారతకు దండం పెట్టాలి.

మర్నాడు పశువుల డాక్టరు వచ్చాడు. ఆయన గొంతు మా కొట్టంలోకి వినబడుతోంది. “ఇన్ని పిడుదులేంటయ్యా? గోడ పగుళ్ళ నిండా పిల్లలే! కింద పడ్డది ఒక్కొక్కటీ వేల గుడ్లు పెడుతుంది. ఈ జ్వరం వాటివల్లే వచ్చింది. నాటు బర్రెలు తట్టుకుంటాయి, ఈ జాతి ఆవు తట్టుకోలేదు. ఎక్కణ్ణుంచి వచ్చాయివి?”

“తెల్వదు సాబ్. రోజూ కడుగుతనే ఉన్న.”

నేను గోడకు ఇవతల, చేతిలో డబ్బాతో నిలబడి ఉన్నాను. అప్పుడు నోరు విప్పి ఉంటే ఈ వయసులో నా మీద నాకు ఇంత అసహ్యం ఉండేది కాదు. చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్ళి డబ్బాను పొయ్యిలో బోర్లించాను. పిడుదులు చిటపటా పేలాయి. రెండేళ్ళకు నేను చూపించిన ధైర్యం అంతే.

సూదిమందు పడ్డా ఆవు దక్కలేదు. మూడోనాడు పొద్దున తోపుడు బండి మీద తీసుకుపోయారు. మా అత్తగారు వెళ్ళి భాయ్ భార్యను పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకుంది. ఆ కన్నీళ్ళు నిజమైనవే, అదే నాకు మరీ రోత. ఇంటికొచ్చి పసుపునీళ్ళు చల్లించి, “మనం జీవహింస చెయ్యం గన్కనె మన బర్రెలు సల్లగున్నయి,” అంది. మా ఆయన తలూపాడు.

ఆ సాయంత్రం భాయ్ మా గుమ్మంలోకి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. చేతిలో సగం వాడిన పిడుదుల పొడిమందు పొట్లం ఉంది.

“డాక్టర్ సాబ్ ఇచ్చిండు చెల్లె. ఇగ నాకెందుకు? మీ బర్రెలకు పుయ్యుండ్రి, గోడ పగుళ్ళల్ల సుత చల్లుండ్రి.”

పొట్లం అందుకున్నాను. ఆయన వెళ్ళలేదు. చెప్పడానికి మొహమాటపడుతూ గడప వైపు చూస్తున్నాడు.

“మా దిక్కు గోడ పొంటి మస్తు పుట్టినయంట. అవి గోడెక్కి మీ కొట్టంలకు వచ్చినయేమో. నేను చూసుకోలే. మాఫ్ చెయ్యి చెల్లె.”

లోపల మా అత్తగారు దగ్గింది.

“పర్వాలేదన్నా, ఏం గాదు,” అన్నాను. అట్లా ఆయన్ను క్షమించి పంపించాను.