అవ్వ మెడలో తాయెత్తు

చాలా ఏళ్లుగా నేనొక అవ్వను మోస్తున్నాను. ఆమె ఎప్పుడూ బతికిన మనిషి కాదు. అయినా బరువుగానే ఉంది. ఆమె చావుకు కారణం నేను. పోలీసులకు ఇందులో పనిలేదు, కాబట్టి మీరు కంగారుపడనక్కరలేదు. మాది పాపాలు వినే గది ఉన్న చర్చి కాదు. మోకాళ్ల మీద పడి దేవునికి చెప్పుకోవచ్చు, చెప్పుకున్నాను కూడా. ఆయనకు ముందే తెలుసు కనుక అంత సిగ్గనిపించలేదు. మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నంద్యాలలో నేను ఇంగ్లీషు లెక్చరర్ని. ఆదివారం ఆరాధన అయ్యాక మా మిద్దె మీది గదిలో కొందరం చేరి ఒక ఆట ఆడేవాళ్లం. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్రలాగే మాట్లాడుతూ, గెలుపోటములు పాచికలకు వదిలేసే ఆట. ఒకడు కథ నడుపుతాడు, తగవు వస్తే తీర్పు చెబుతాడు. ఆ ఒకడు నేను. కారణం ప్రతిభ కాదు. రూల్సు పుస్తకం విదేశీ కంపెనీది, లావుపాటిది, ఇంగ్లీషులో ఉంది. మిగతావాళ్లు చదవడం రాక కాదు, చదివే ఓపిక లేక నాకు వదిలేశారు. పుస్తకంలో తేలని సందేహం వస్తే ఆట ఆపి టీ తాగేవాళ్లం. ఇలాంటి సందేహాలకు కంపెనీవాళ్లు తమ వెబ్‌సైట్లో జవాబులు పెడతారు. నేను వెతికి వచ్చే ఆదివారం చెప్పాలి. చెప్పాక ఇక ఎదురుండదు. యాగంటి గుడిలో రాతి బసవన్న పెరుగుతున్నాడంటే టేపు పట్టుకుని వెళ్లే రకం కాదు మావాళ్లు.

ఓబులేసు ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చేవాడు. అక్కడ అతనికి బోరు మోటార్లు రిపేరు చేసే షాపుంది. నాకంటే చిన్నవాడు. మామూలుగా రెండు మాటలకు మించి మాట్లాడడు. ఎవరైనా తేరిపార చూస్తే టీ గ్లాసులోకి చూస్తాడు. ఆటలో మాత్రం అతని పాత్ర పసరు వైద్యం చేసే ఒక అవ్వ. అవ్వగా నోరు తెరిచాడంటే వేరే మనిషి. ఒకసారి కోట కాపలా రాక్షసుడి కోసం నేను వారమంతా కూర్చుని ఒక ప్రసంగం రాసుకున్నాను. గొంతు మార్చి, వెయ్యేళ్లుగా ఈ కోట కాస్తున్నానని గర్జించాను. అవ్వ చుట్టూ చూసి, "వెయ్యేండ్ల నుంచి కాస్తాండావు సరే నాయనా, ఒక్కసారన్నా ఊడ్చినావా?" అంది. ఒకరు నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారారు. ప్రసంగం రెండో పేజీ నా చేతిలోనే మిగిలిపోయింది.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. కాలేజీలో, పెళ్లిళ్లలో, చివరికి సమాధుల తోటలో కూడా జోకులు వేసేది నేనే. అదొక ఉద్యోగం లాంటిది, జీతం లేదంతే. ఆ గదిలో నాకు ఆ ఉద్యోగం పోయింది. బాధ కలిగిందని అప్పుడు ఒప్పుకోలేదు. ఆట మరీ పలచబడుతోందని, కథకు కాస్త గాంభీర్యం కావాలని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అసూయ అనే మాట నాకు రెండు భాషల్లోనూ బాగానే వచ్చు. నా మీద వాడుకోవడమే రాలేదు.

ఒక ఆదివారం పాముల గుహలో అవ్వకు విషమెక్కింది. తోటివాళ్లు బయటపడేదాకా గుహ నోటి దగ్గర అడ్డంగా నిలబడింది. పాచికలు ఎదురు తిరిగాయి. పడిపోయింది. ఆమె మెడలో ఒక తాయెత్తు ఉంది, ఆటలో ఎప్పుడో కష్టపడి గెలుచుకున్నది. కట్టుకున్నవాళ్లు ప్రాణం పోయి పడితే ఒక్కసారి లేపుతుంది. అయితే విషంతో పోయినవాళ్లు విరుగుడు ఉంటేనే లేస్తారని పుస్తకంలో ఇంకోచోట ఉంది. ఈ రెండింటిలో ఏది చెల్లుతుంది? ఆట ఆగింది. టీ వచ్చింది. ఓబులేసు తాగలేదు.

ఆ వారం నిజంగానే వెతికాను. అంతవరకూ నా తప్పేమీ లేదు. ఆట తయారుచేసినవాళ్లలో ఒకాయన, తాయెత్తు పనిచేస్తుందని ఎప్పుడో జవాబిచ్చాడు. తర్వాత ఇంకొకాయన, చేయదన్నాడు. ఇద్దరూ కంపెనీ మనుషులే, ఇద్దరికీ రవ్వంత అనుమానం లేదు. ఆ తర్వాత కంపెనీ పేరు మీదే అధికారికంగా వచ్చిన ఆఖరి జవాబు: ఎలాగైనా ఆడుకోవచ్చు, మీ దగ్గర ఆట నడిపేవారే తేల్చుకోండి.

అంటే నేను. సముద్రాలు దాటిపోయిన ప్రశ్న తిరిగొచ్చి మా మిద్దె మెట్లెక్కింది.

అవ్వ లేవాలంటే నేను ఒక్క మాట అంటే చాలు. లేవకూడదన్నా ఒక్క మాటే, కాకపోతే అది నా మాటేనని ఓబులేసు మొహం చూసి చెప్పాలి. అంత ధైర్యం నాకు లేదు. అవ్వను లేపేంత మంచితనమూ లేదు. ఆదివారం అతను మెట్లెక్కుతూనే అడిగాడు.

"ఏమన్నారన్నా?"

"పనిచేయదంటప్పా. విషానికి విరుగుడే కావాలంట."

"కంపెనీవాళ్లే చెప్పినారా?"

"వాళ్లే. దాంట్లో నాదేముంది?"

మిగిలిన మెట్లూ ఎక్కాడు. "పోనీలేన్నా. అంత దూరం పోయి కనుక్కొచ్చినావు. నువ్వయితే ఏం జేస్తావు, పాపం."

జాలి పడాల్సినవాడు అతను కాదు. ఆ జాలి అందుకోవలసినవాణ్ణి నేనూ కాదు. అయినా ఆ జాలిని తీసుకుని జేబులో వేసుకున్నాను.

కొన్ని ఆదివారాలు కొత్త పాత్రతో వచ్చాడు. ఒక సిపాయి. తన వంతు వచ్చినప్పుడల్లా "కొడతాండా" అనేవాడు, పాచిక వేసేవాడు, గ్లాసులోకి చూసేవాడు. నా ప్రసంగాలన్నీ ఆఖరి పేజీ దాకా నిరాటంకంగా సాగాయి. ఎవరూ నవ్వలేదు, నేను జోకు వేసినప్పుడు కూడా. తర్వాత బస్సులు సరిగా లేవని మానేశాడు. బస్సులు బాగానే ఉన్నాయి.

ఇంతటితో అయిపోయుంటే బహుశా మీకు రాసేవాణ్ణి కాదు. పోయిన ఎండాకాలం ఆళ్లగడ్డ రమ్మన్నాడు. షాపు వెనక గదిలో ఇప్పుడు అతనే ఆట నడుపుతున్నాడు. నేను వెళ్లిన రోజే, కొత్తగా చేరిన ఒక టీచరమ్మ పాత్రకు విషమెక్కింది. ఆమె దగ్గరా ఆ తాయెత్తే ఉంది. విషానికి పనిచేయదమ్మా అన్నాడు ఓబులేసు. పుస్తకంలో తాయెత్తు గురించి రాసినచోట అట్లా లేదే అని ఆమె అడిగింది. అతను నా వైపు చెయ్యి చూపించాడు. "మా అన్న కంపెనీవాళ్లనే అడిగినాడు. దానికే మా అవ్వ పోయింది." ఆ గొంతులో ఫిర్యాదు లేదు. గర్వం ఉంది. టీచరమ్మ నా వైపు చూసింది.

నేను తలూపాను.

ఆమె తన పాత్ర రాసుకున్న కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది.

మొదటిదానికి అసూయ అని పేరుంది. ఈ రెండోదాన్ని ఏమనాలి? న్యాయంగా పోయిందనుకుని అతను ఆ నష్టాన్ని ఓర్చుకున్నాడు, ఇప్పుడు నిజం చెబితే అవ్వ ఉత్తపుణ్యానికి పోయినట్టవుతుంది, అది అతనికి ఇంకా కష్టం, కాబట్టే చెప్పలేదు అని అనుకుంటూ ఉంటాను. ఎంత దయగలవాణ్ణో చూశారా. అసలు భయం వేరు: అన్నా అని పిలిచే ఆ పిలుపు పోతుందని. ఆటే కదా, కాగితం మీది మనిషే కదా అని కూడా అనుకుంటాను. అలాగైతే ఆ కాగితం మనిషిని చంపడానికి నేను ఒక కంపెనీ చాటున ఎందుకు నిలబడ్డాను?

నిన్న ఓబులేసు ఫోన్ చేశాడు. ఇంకేదో రూలు తేలడం లేదట, కనుక్కుని చెప్పమన్నాడు. నువ్వే చూసుకోవచ్చు కదప్పా అన్నాను. నువ్వు చెబితేనే ధైర్యం అన్నాడు. సరే, చూస్తానన్నాను. అడిగిన రూలు సంగతి వదిలేసి, అవ్వ సంగతే మెసేజ్ రాయబోయాను. రాశాను, తుడిచేశాను. మళ్లీ రాశాను, మళ్లీ తుడిచేశాను. అందుకే ముందు ఇక్కడ, తుడవడానికి వీల్లేకుండా: తాయెత్తు పనిచేయదని కంపెనీ అనలేదు. అన్నది నేను.

పెద్ద వాక్యమేం కాదు. రాశాక ఊపిరి కాస్త లోపలిదాకా పోతోంది. ఓబులేసుకు ఇంకా తెలియదు.