దొరల హ్యాండూ, అమ్మ చెయ్యీ

అన్న జమ్మలమడుగులో పెద్దబడిలో చేరిన ఏడాది మా ఇంట్లో ఇంగ్లీషు మోత మొదలైంది. "హ్యాండ్ అంటే చెయ్యి. గడియారం ముల్లూ హ్యాండే. దస్తూరీ హ్యాండే. పేకాటలో పట్టుకున్న ముక్కలూ హ్యాండే" అని వాడు వల్లిస్తుంటే, నాయన వాళ్ళమ్మ, మా జేజి, నూలు కండెలు చుట్టే రాట్నం ఆపి, "దొరలకు మాటల కరువొచ్చిండాదేమిరా?" అంది. మిల్లు కూలీని కూడా హ్యాండనే అంటారని వినేసరికి మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న నాయనకు మండింది. "మనిషిని ఇడిసిపెట్టి చెయ్యిని పిలుస్తారా? అదేం మర్యాదరా!" అన్నాడు. చేనేతవాళ్ళ పొట్ట కొట్టిందని మిల్లంటేనే ఆయనకు ఒళ్ళుమంట.

ఆ వానాకాలంలోనే నాయన పెన్న ఒడ్డున జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మగ్గం మీద చీర సగంలో ఉంది. చెప్పిన నాటికి అందకపోతే, నూలిచ్చి చీరలు నేయించుకునే షావుకారు ఇకమీదట నూలు వేరే ఇంటికి ఇస్తాడు. మాకున్నది ఆ ఒక్క మగ్గమే.

మా వీధిలో ఆడవాళ్ళు కండెలు చుడతారు, నిలువు పోగుల పడుగు సాపు చేస్తారు, గుంటలో మాత్రం కూర్చోరు. పైగా అమ్మది ఎడమచేతి వాటం. "పుర్రచేత్తో నేసిన చీర ఏ పెండ్లికూతురు కడతాది?" అని జేజి అడ్డం పడింది. "మగ్గం నిలిస్తే మనమేం తింటామమ్మా?" అన్నాడు నాయన. అమ్మ కొంగు బిగించి గుంటలో దిగింది.

కండె ఉన్న నాడెను అటూ ఇటూ పరిగెత్తించే తాడు కుడిచేత్తో లాగాలి, అడ్డపోగు పేకను దగ్గరికి కొట్టే పలకను ఎడమచేత్తో ఆడించాలి. మొదట్లో అమ్మ పోగులు తెంపింది. నాయన కసిరాడు, ఆమె తిరిగి కసిరింది. మెల్లగా పలక దెబ్బ కుదిరింది. నాయన నేసేటప్పటి చప్పుడు కన్నా ఆ చప్పుడే నాకు నచ్చింది. చెబితే ఆయన చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నాను.

షావుకారు వచ్చి చీర మడత విప్పి బొటనవేలితో నిమిరాడు. ఆ వ్యాపారంలో తలపండినవాళ్ళకు గుడ్డ తాకితే నేసినవాళ్ళెవరో తెలిసిపోతుంది. "ఏమప్పా, ఇది నీ చెయ్యి కాదే?" అన్నాడు. జేజి ముఖం పాలిపోయింది. తలుపు వెనక అమ్మ నా భుజాన్ని నొప్పి పుట్టేలా పట్టుకుంది.

నాయన కట్టున్న చెయ్యి ఎత్తి చూపించాడు. "నా పెండ్లాము నేసిందప్పా" అన్నాడు.

"నీకన్నా దెబ్బ గట్టిగా పడిండాది. శానా బాగుండాది" అని షావుకారు కొత్త నూలు అరుగు మీద పెట్టించాడు. పలక కొట్టేది ఎడమచెయ్యే కదా, అమ్మ బలమంతా అందులోనే ఉంది.

నాయన కట్టు విప్పిన రోజు అమ్మ తనంతట తానే గుంటలోంచి లేవబోయింది. ఆయన వేళ్ళు ముడిచి, తెరిచి చూసుకున్నాడు. చెయ్యి బాగానే కుదిరింది. "యాడికి లేస్తాండావు? కూచో. కండెలు నేను చుడతా" అన్నాడు. వీధిలో వాళ్ళు నవ్వుతారని ఆయనకు తెలుసు. మా నాయన మీద నాకు అంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు. జేజి పెదవి విరిచింది, గొణిగింది, చివరికి తన రాట్నాన్ని కొడుకు వైపు జరిపింది.