ఆరో అధ్యాయం

సత్యనారాయణ వ్రతకథకు ఆరో అధ్యాయం ఉందనీ, అది రష్యన్‌లో ఉంటుందనీ చిన్నప్పుడు నమ్మిన వెర్రివాణ్ణి నేను. మొన్న మా గృహప్రవేశంలో నేతిలో రవ్వ వేగిన వాసనకు అదంతా గుర్తొచ్చింది.

రష్యాలో డాక్టరీ చదివిన బాబాయి ఒక క్యాసెట్ తెచ్చుకున్నాడు. అందులోని రాక్ గాయకుడికి ప్రభుత్వం వేదిక ఇవ్వకపోతే జనం వంటిళ్ళలోనే పాడాడట. రాజమండ్రిలో కిరాణా కొట్టు నడిపే మా నాన్నగారు "ఏంటీ గోల" అని దాని మీద వ్రతకథ రికార్డు చేసేశారు. చివరి పాట ఒక్కటే మిగిలింది.

వ్రతం రోజు టేపులో ఐదో అధ్యాయం అవగానే గిటారుతో ఆ గాయకుడి బొంగురు గొంతు అందుకుంది. ప్రసాదం తినకుండా లేస్తే కష్టాలొస్తాయని కథలో విన్నానుగా, చేతులు జోడించి భక్తిగా వింటున్నాను. అందరూ నవ్వారు. నాన్నగారు టేపు కట్టేశారు.

"ఆరో అధ్యాయం పూర్తవలేదండి," అన్నాను ఏడుపు గొంతుతో.

"అది అధ్యాయం కాదురా, అన్నయ్య చేసిన అన్యాయం," అన్నాడు బాబాయి.

"ఇంకోసారి నా ఇంట్లో వినపడకూడదు," అన్నారు నాన్నగారు.

ఆ గాయకుడు ఎప్పుడో పోయాడు, పాట పోలేదు. మొన్న నా ఇంట్లో పంతులుగారు ఐదో అధ్యాయం ముగించగానే ఫోన్లో అదే పాట పెట్టాను. నాన్నగారు లేవబోయారు.

"ప్రసాదం తినకుండా లేవకూడదండి, నాన్నగారూ," అన్నాను.

ప్రసాదం గిన్నె నా ఒళ్ళో ఉంది. పాట పూర్తయ్యాకే పంచాను.