బేరగాడి చెయ్యి

ఇప్పుడు పక్క రాష్ట్రంలోకి పోయాయి గాని, నా చిన్నప్పుడు మా కొండలింకా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. మా నాన్న లక్ష్మీపూర్‌లో సంస్థానం కచేరీ బంట్రోతు. ఆ జీతంతో ఇల్లు గడవదని ఇంటి వెనక పాకలో మేకల్ని పెంచేవాళ్ళం. పెంచేది మా నాయనమ్మ, సంతలో అమ్మేది నాన్న. ఆ అమ్మకాలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బేరగాడు ఏ మేకకు ఎక్కువ ధర చెబితే నాన్న దాన్నే ఇచ్చేసేవాడు. మన మేకలకు ఎంత గిరాకీయో చూశారా అని మీసం దువ్వుకుంటూ ఇంటికొచ్చేవాడు. పాకలో మిగిలేవి కుంటివి, పాలు లేనివి. వాటికి పుట్టిన పిల్లలు వానాకాలపు ముసురుకు తట్టుకోలేక చచ్చిపోయేవి. ఏటేటా మంద తరిగిపోతుంటే దిష్టి తగిలిందనేవాడు. నాయనమ్మ ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఒక ఏడు రెండే రెండు ఆడ మేకపిల్లలు ముసురు దాటి బతికాయి. ఒకటి తెల్లగా, బొద్దుగా ఉండేది. నా వెంటే తిరిగేది, నా పక్కనే పడుకునేది. రెండోది గోధుమరంగుది, బక్కది, పొగరుబోతుది. ఇంటి ఖర్చులకు ఒకదాన్ని అమ్మక తప్పదు. మంచిదాన్ని పోగొట్టుకుంటే ఇక మాకు మంద ఉండదు. సంతనాడు నాన్నకు చలిజ్వరం వచ్చింది. నాయనమ్మ నన్ను తోడు తీసుకుని రెండింటినీ తోలుకెళ్ళింది. గోధుమదాన్ని అమ్మేస్తుందని నేను నిశ్చింతగా ఉన్నాను.

బేరగాడు వచ్చాడు. తెల్లదాని వీపు మీదుగా చెయ్యి చాచి గోధుమదాన్ని పట్టుకున్నాడు. నోరు తెరిచి చూశాడు, నడుం నొక్కాడు, కడుపు కింద తడిమాడు, పెద్ద ధరే చెప్పాడు. నాయనమ్మ ఆ మేక తాడు విప్పి నాకిచ్చింది.

"అమ్మీ, సేతికి సుట్టుకో. ఎవులడిగినా ఇవ్వకు."

తరవాత నా తెల్లదాన్ని తక్కువ ధరకు అతనికి అమ్మేసింది. నేను సంతంతా వినబడేలా ఏడ్చాను. దారి పొడుగునా గోధుమది నన్ను తుప్పల్లోకి ఈడుస్తూనే ఉంది. నాయనమ్మను నేను అంతగా అసహ్యించుకున్న రోజు మరొకటి లేదు.

ఇంటికి రాగానే నేను ఏడుస్తూ జరిగిందంతా చెప్పాను. నాన్న దుప్పటి తోసి లేచాడు. "ఏటమ్మా ఇది! ఎక్కువిస్తానన్నదాన్ని తిరిగి తోలుకొచ్చేవేటి? మరెందుకు దీన్ని సంతకి తీసుకెళ్ళేవు?"

"అమ్మడానికి కాదురా. ఏది దాసుకోవాలో ఆడి సేత సెప్పించుకోడానికి. నీకు తెలీదు, నాకూ తెలీదు. మేకల్లోనే బతికినోడు, ఆడికి తెలుసు."

గోధుమది ఈతకు రెండేసి పిల్లల్ని పెట్టింది. వాటిలో ముసురుకు పోయినవి తక్కువ. పాక మళ్ళీ నిండింది. అదంతా తన హస్తవాసి అని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. నాయనమ్మ పోయిన ఏడే, బేరగాడు మంచి ధర చెప్పాడని ఆ గోధుమదాన్నే అమ్ముకొచ్చాడు. ఏం చెప్పమంటారు!

ఇప్పుడు మా అబ్బాయీ అంతే. వచ్చిన బేరాన్ని చేతులారా పోగొడతానని నా మీద విసుక్కుంటాడు. విసుక్కోనీ. బేరగాడు పాకలోకి వస్తే నేను అతని మాట వినను, చెయ్యి చూస్తాను. అది మొదట దేనిమీద పడితే దాని తాడు నా చేతికి చుట్టుకుంటాను. అది నాకు ముద్దొచ్చిన మేక అయిన రోజు మాత్రం ఇంతవరకు ఒక్కటీ లేదు.