సీరియల్ అత్తలంటే పడని మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయింది. కిందటి నెలలో ఒక మధ్యాహ్నం, దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంట్లోనే, తన మంచం మీదే పోయింది. మర్నాటికల్లా మా వారి చిన్నాన్న కొడుకు గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కట్టించాడు. ఆమె ఫొటో చుట్టూ గులాబీలు, పైన మబ్బులు, కింద 'దివికేగిన మాతృమూర్తి' అని అక్షరాలు. బతికుండగా చూసి ఉంటే కత్తెర పట్టుకుని వెళ్లేది. చూడటానికి వచ్చినవాళ్లలో ఒక బంధువు గడపలో నిలబడి, గదిలో ఎవరెవరున్నారో ఒకసారి కలియజూసి, ఆ తర్వాత గుండెలు బాదుకుంది. అత్తమ్మ లేకపోబట్టి ఆమె బతికిపోయింది.

అందుకే ఆమె గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాస్తున్నాను. 'ఆవిడ అనేవారు, చేసేవారు' అని రాయడం లేదని తప్పు పట్టకండి. పెళ్లయిన కొత్తలో, మా కృష్ణా జిల్లా అలవాటు కొద్దీ "అత్తయ్యగారూ" అని పిలిస్తే మొహం చిట్లించింది. "గారు గీరు పెట్టకు. టీవీల గట్ల పిలిచేటోళ్లే పాలల్ల విషం కలుపుతరు" అంది.

నల్గొండ దగ్గరి పల్లె నుంచి పెళ్లయి వచ్చిన మనిషి. మామయ్య గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో పనిచేసేవారు. ఆయన పోయాక ఆమె ఇంటి ముందుగదిలో మిషన్ వేసుకుని చీరలకు ఫాల్స్, పీకో కుట్టేది. మిషన్ ఎదురుగా టీవీ. సాయంత్రం మొదలు అన్నాల వేళ దాకా వరసగా సీరియళ్లు. అభిమానంతో చూసేదనుకుంటే పొరపాటు. తిట్టడానికే చూసేది. చీర తీసుకోవడానికి వచ్చిన చైతన్యపురి హాస్టల్ అమ్మాయిలు పని అయిపోయినా కదిలేవారు కాదు, ఆ తిట్లు వినడానికి.

తెల్లారగట్ల పట్టుచీర కట్టుకుని, జడనిండా పూలతో సాంబారు కలుపుతున్న కోడలిని చూస్తే మిషన్ ఆగిపోయేది. "నూనె చుక్క పడితే గా చీర నీ అయ్య ఉతుకుతడా?" అని అడిగేది. వెయ్యి కోట్ల కంపెనీ హీరో మీద అసలు గౌరవం లేదు. "ఎప్పుడు జూసినా ఇంట్లనే ఉంటడు. ఆఫీసుకు పోతే గదే ఫైలు, గదే సంతకం. వీనికి పిల్లనెవరిచ్చిండ్రు?" పెళ్లి ఆగిన ప్రతిసారీ గుండె పట్టుకుని కూలబడే బామ్మను చూసి, "దీని గుండెకు ముహూర్తాలు తెలుసు" అనేది. పర్దా వెనక నిలబడి ఇంటి గుట్లన్నీ వినే అత్త పాత్రంటే మాత్రం ఒళ్లు మంట. "ఎదురుంగ వొచ్చి అడగరాదు? నిలబడి నిలబడి కాళ్లు గుంజవా?"

విచిత్రంగా, విలన్ ఆడపడుచు మీద కాస్త దయ ఉండేది. ఆ ఇంట్లో పొద్దున్నే లేచి ఒక పనంటూ పెట్టుకునేది ఆమె ఒక్కతేనట.

అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది కథానాయిక. తప్పు చేయలేదని ఒక్క ముక్క చెప్పకుండా, నిందంతా మోసి, వర్షంలో బయటికి నడిచే ఆ మహాతల్లిని చూస్తే అత్తమ్మకు అసహ్యం. "మొగుడు అడగడు, ఇది చెప్పదు. అడిగితే ఏం పోతది? చెప్తే ఏం పోతది? గీ ఒక్క మాట లేకనే ఏండ్లు ఏండ్లు గుంజుతున్నరు, సిగ్గు లేకుంట." నేనూ ఆమెతో కలిసి నవ్వేదాన్ని. ఆ మాట ఆమె టీవీకి మాత్రమే చెప్పడం లేదని నాకు తర్వాత తెలిసింది.

ఒకరోజు నేను పని చేసే కోచింగ్ సెంటర్ నుంచి ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ చెల్లెలు కూర్చుని ఉంది. చిన్నత్త మొహంలో వార్త మెరుస్తోంది. నేను చెప్పులు విప్పేలోపే అత్తమ్మ ఆమె ముందే అడిగేసింది.

"మధ్యాహ్నం మెట్రో కాడ ఎవరి బండెక్కినవ్?"

"మా తమ్ముడిది అత్తమ్మా. విజయవాడ నుంచి ఇంటర్వ్యూకి వచ్చాడు. హెల్మెట్ పెట్టుకున్నాడు."

"అయిపాయె" అంది అత్తమ్మ. చెల్లెలి వైపు తిరిగి, "ఇంక ఛాయ్ తాగుతవా, పోతవా?" అంది. ఏ చానల్‌కైనా ఆరు నెలలు నడిచే కథ మా గడప మీదే ముగిసింది. అనుమానపడి అడిగిందని నాకు కోపం రాలేదు. అడిగింది కదా, అదే చాలనిపించింది.

పోయినేడు ఆమెకు తిండి సయించడం మానేసింది, కళ్లు పచ్చబడ్డాయి. ఎల్బీనగర్ వైపు ఒక దవాఖానలో పరీక్షలు చేయించాం. డాక్టరు ఆమెను బయట కూర్చోబెట్టి మాకు చెప్పాడు. కాలేయంలో క్యాన్సర్, బాగా పాకింది, ఇక నొప్పికి మాత్రలే. దవాఖాన సెల్లార్‌లో, బండ్ల మధ్య నిలబడి మా వారూ, బడంగ్‌పేట్ నుంచి వచ్చిన ఆయన అక్క, మా వదినా నిర్ణయం చేసేశారు. "అమ్మకు తెలిస్తే భయంతోనే పోతది. నువ్వు నోరు జారకు" అని మా వారు నా దగ్గర మాట తీసుకున్నారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో సీరియల్ మొదలైంది. అంత నాసిరకం నటన ఏ చానల్లోనూ చూడలేదు. వదిన వంటింట్లో ఏడ్చి, మొహం కడుక్కుని, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ వచ్చేది. తిన్నావా అని కూడా ఎన్నడూ అడగని మా వారు తల్లి కాళ్లు ఒత్తుతూ "గ్యాసేనమ్మా, తగ్గుతది" అనేవారు. అత్తమ్మ ఆయన్ని కిందికీ మీదికీ చూసేది. "కాళ్లు వొత్తుడు ఎప్పటి సంది షురూ జేసినవ్‌రా?"

ఒక సాయంత్రం ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. టీవీలో డాక్టరు కళ్లజోడు తీసి, కొడుకును పక్కకు పిలిచి ఏదో చెబుతున్నాడు. "రోగం ముసలిదానిది, చెప్పుడు కొడుక్కు. ఆమె ఏమన్న చిన్నపిల్లనా?" అంది అత్తమ్మ. రిమోట్ తీసుకుని టీవీ ఆపేసి, నా వైపు తిరిగింది.

"పిల్లా, నాకేమైంది?"

మా వారికి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. చెబితే ఆయన నన్ను క్షమించరని తెలుసు. ఎదురుగా ఉన్నదేమో నన్ను ఒక్కసారి కూడా చాటుగా అనుమానించని మనిషి. చెప్పేశాను. క్యాన్సర్ అనే మాట మింగకుండా చెప్పాను. ఎన్ని దినాలని అడిగితే, నెలలన్నారు, ఎన్నో వాళ్లకూ తెలియదన్నాను. అత్తమ్మ మంచినీళ్లు అడిగి, మొత్తం తాగింది.

కొడుకునూ కూతురునూ పిలిపించింది. "గా సీరియలోళ్లకు నటిస్తే పైసలిస్తరు. మీకెవడిస్తుండు?" అంది. వదిన నన్ను నమిలేసేలా చూసింది. "దాన్ని జూడకు, అడిగింది నేను" అంది అత్తమ్మ. అప్పుడు వదిన నిజంగా ఏడ్చింది, ముక్కు కారుతూ, మొహం వంకర్లు పోతూ. "గట్ల ఏడువు. ఏడుపంటే గిది" అని అత్తమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

మా వారు మాత్రం నాతో మాట్లాడటం మానేశారు. తల్లి ముందు 'ఏం కాదమ్మా' అనడం మానలేదు. నేను తొందరపడ్డానేమో, ఉన్న కొద్ది రోజులూ ఆమెకు భయమే మిగిల్చానేమో అని నాకూ బెంగ పట్టుకుంది. ఎవరిని అడగాలి? ఆమెనే అడిగాను, పోవడానికి కొద్ది రోజుల ముందు, ఒళ్లు తుడుస్తూ.

"భయంగా ఉందా అత్తమ్మా?"

"ఉన్నది" అంది. "చెప్పినవు గాబట్టి నీతోనన్న అంటున్న. లేకుంటే ఒక్కదాన్నే భయపడుదును" అంది.

గుమ్మంలో మా వారు ఉన్నారు. ఎప్పుడు వచ్చారో చూడలేదు. ఈసారి ఏం కాదమ్మా అనలేదు. వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుని, పరుపు అంచున తల ఆనించి, "నాక్కూడ భయమైతుందమ్మా" అన్నారు. అత్తమ్మ ఆయన జుట్టులో వేళ్లు పెట్టి నెమ్మదిగా పాయలు తీసింది. చెవి పైన ఒకచోట ఆగింది.

"ఎన్నడు తెల్లబడ్డయిరా గివి?" అని అడిగింది.

ఆయన జవాబు చెప్పేదాకా ఆమె వేలు అక్కడే పెట్టుకుని ఉంది.