సారు బీరువాలో సారు లేరు

మా ఇంటి ఓనరు సారు పోయిన సోమవారం దవాఖానాలో కన్నుమూశారు. కబురు తెలిసిన గంటకే ఫ్లెక్సీ కొట్టేతను ఫోన్ చేసి, సారు ఫోటో పంపమన్నాడు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఊరందరి ఫోటోలూ దాచిన మనిషికి తనది ఒక్కటీ లేదు. తప్పంతా ఆయనదే. ఆయన ముందే అన్నాను, ఇప్పుడూ అంటాను.

సారు రిటైరైన లెక్కల టీచరు. మెదక్ చర్చికి వెళ్ళే దారిలో ఇల్లు. కింద ఆయన, పైన నేను. నాది కంప్యూటర్లు నేర్పే పని. మెట్ల కింద ఆయనకో పాత కంప్యూటర్ ఉండేది. పెళ్ళి సీడీ గీతలు పడిందని ఎవరొచ్చినా, ఆడినంత వరకు అందులోకి ఎక్కించి దాచేవారు. నేను దాన్ని సర్వర్ అంటే, ఆయన బీరువా అనేవారు.

రెండేళ్ళ కింద దాని డిస్కు టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది. కొత్త బోర్డు, కొత్త డిస్కులు వేద్దామన్నాను.

"నడుస్తుంది గదా బిడ్డా, ఎందుకు గెలుకుతవ్?" అంటూ నెల గడిపారు. ఒప్పుకునేసరికి తెలంగాణ బందులొచ్చాయి. బస్సుల్లేక సామాను హైదరాబాదులోనే ఆగిపోయింది. చివరికి వచ్చింది, బిగించాను. ఇక ఫైళ్ళు ఇందులోంచి అందులోకి మార్చడమే, రెండు రోజుల పని అనుకున్నాను.

"మంది తమ వస్తువు మనింట్ల పెట్టిండ్రు. వాళ్ళను అడగకుంట జాగ మారుస్తమా?" అన్నారు సారు.

అని ఊరుకున్నారా? ఇల్లిల్లూ తిరిగారు. షేర్ ఆటో ఎక్కి పాపన్నపేట దాకా పోయి అడిగి వచ్చారు. వాళ్ళేమో కుటుంబాలతో సహా దిగేవారు. టీ తాగి, తమ పెళ్ళి మొదటి నుంచి చివరిదాకా చూసి, అప్పుడు "ఇగ జరుపుండ్రి సారు" అనేవారు. ఒకావిడ తన చిన్నమ్మ భోజనాల బంతిలోంచి అలిగి లేచిన చోటు మూడుసార్లు వెనక్కి తిప్పించింది. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చునేదాన్ని. డిస్కు టిక్కుటిక్కుమంటూనే ఉండేది.

"సారూ, గా డిస్కు ఎప్పుడన్న పోతది. ముందు మీ ఫోటోలు ఎక్కిస్త," అని మొత్తుకున్నాను. ఆయన ఫోటోలంటే చనిపోయిన అమ్మ ఫోటోలు కూడా. ఆల్బం చెదలు పట్టాక అవి ఆ పాత డిస్కులో తప్ప ఇంకెక్కడా లేవు. ఆయన భార్యను నేను అమ్మా అనే పిలిచేదాన్ని.

"మనయి మనింట్లనే ఉంటయి, యాడికి పోతయి? ముందు మందియి కానియ్యి."

ఆయనకు చెప్పకుండా ఎక్కించేయాల్సింది. కానీ అడగకుండా ముట్టుకోకూడదన్న ఆయన రోగం అప్పటికే నాకూ అంటుకుంది.

అందరివీ అయ్యాయి. ఆయన వంతు వచ్చిన రోజు పొద్దున డిస్కు తిరగలేదు. హైదరాబాదు పంపినా లాభం లేకపోయింది. "మందియి వచ్చినయి గదా," అని సారు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు. చాలాసేపు రాలేదు. ఒళ్ళు మండి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే పైకొచ్చి, "కొత్త బీరువా సప్పుడే చేస్తలేదు బిడ్డా, నడుస్తుందా?" అని అడిగారు. ఇలాంటి మనిషితో ఎంతసేపని కొట్లాడతాం?

ఫ్లెక్సీ కోసం ఆ సోమవారం అందరి పెళ్ళిళ్ళూ తెరిచి వెతికాను. పాపన్నపేట ట్రాక్టర్ డ్రైవర్ పెళ్ళిలో, బంతి చివర దొరికారు. సారు సాంబారు బకెట్‌తో నిలబడ్డారు. పక్కనే అమ్మ ఏదో కోప్పడుతోంది. డ్రైవర్‌కు ఫోన్ చేసి, అది వాడుకోవచ్చా అని అడిగాను.

"సారు ఫోటోకు నన్నడుగుడేంది మేడం?" అని ఏడ్చాడు.

ఫ్లెక్సీ అతను, "పక్కన అమ్మను కట్ చెయ్యాల్నా?" అన్నాడు. వద్దన్నాను. ఆమెను అడిగే వీలు లేదు.

ఇప్పుడది మా గేటుకు కట్టి ఉంది. దారిన పోయేవాళ్ళు ఆగి దండం పెడుతున్నారు. సారు వాళ్ళ వైపు చూడటం లేదు. అమ్మ వైపు చూస్తున్నారు. చేతిలో బకెట్ ఓ పక్కకు ఒరిగింది, సాంబారు అంచు దాకా వచ్చి ఉంది.